ఆరేళ్ల మజిల్‌లోడర్: ఊడొచ్చే గొట్టం, ఊడిరాని మసి

మూతి వైపు నుంచే మందూ గుండూ కూరే ఈ మజిల్‌లోడర్ రైఫిల్‌ని నేను ఇష్టపడింది దాని గురి చూసి కాదు, దాని చీల చూసి. గొట్టం కింది చెక్కలో అడ్డంగా దూరి ఉండే బల్లపరుపు ఇనప చీల అది. దాన్ని పక్కకు తోసి, హ్యామర్‌ని (ట్రిగ్గర్ నొక్కితే వచ్చి కొట్టే భాగం) సగం ఎత్తి, గొట్టం మూతిని కాస్త పైకి లేపితే వెనకున్న కొక్కెం జారి గొట్టం మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది. హుక్డ్ బ్రీచ్ అంటారు (బ్రీచ్ అంటే గొట్టం వెనక చివర). క్యాలిబర్ 50, అంటే గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం. క్యాప్‌తో (హ్యామర్ దెబ్బకి నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీ) పేలే రకం. మిగతా కొలతలు పెట్టె మీదే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నా.

గొట్టం ఊడిరావడం అంత గొప్పా అని అడిగేవాళ్లు బ్లాక్ పౌడర్ అనే పాతకాలపు తుపాకీ మందు కాల్చి ఉండరు. (తెలుగులో నల్లమందు అందామంటే అది వేరే మత్తు.) ఈ మందు కాలాక దాని బరువులో సగానికి పైగా వాయువుగా మారకుండా ఘనపదార్థంగానే ఉంటుంది; కొంత పొగలో కలిసి పోతుంది, మిగతాది గొట్టంలో మసిగా అంటుకుంటుంది. అందులో ఎక్కువ భాగం పొటాషియం లవణాలు. గాలిలో తేమ తగిలితే చాలు, చెమ్మగిల్లి ఇనుముని తినడం మొదలుపెడతాయి. "రేపు కడుగుదాంలే" అన్న మాట ఈ తుపాకీ దగ్గర చెల్లదు. మంచి విషయం ఏంటంటే ఆ లవణాలు మామూలు నీళ్లకే కరిగిపోతాయి. నిపుల్ (క్యాప్ కూర్చునే చిన్న బోలు మొన) విప్పేసి, గొట్టం అడుగు భాగాన్ని బకెట్ నీళ్లలో ముంచి, జాగ్‌కి (కడ్డీ చివర గుడ్డని పట్టుకునే మొన) గుడ్డముక్క చుట్టి పైకీ కిందికీ ఆడిస్తే సైకిల్ పంపులాగా నిపుల్ రంధ్రం గుండా నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది, నల్లగా కక్కుతుంది. మురిగిన గుడ్ల కంపు కొడుతుంది. ఆ కంపు వస్తే పని జరుగుతున్నట్టే. చెక్కకి ఒక్క చుక్క నీరు తగలదు.

కొన్న మొదటి ఏడాది ఈ సుఖం గురించి కనబడ్డ వాళ్లందరికీ చెప్పాను. పావుగంటలో పని అయిపోతుందని, గొట్టం ఊడిరాని తుపాకీ కొనొద్దని కూడా అన్నాను. ఆ మాటల్లో కొంత ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి.

నాలుగో ఏడు. రేంజ్‌లో ఆ రోజు మొదటి షాట్. మందు కొలిచి పోశాను, గుండు కూరాను, క్యాప్ పెట్టి ట్రిగ్గర్ నొక్కాను. టప్. అంతే. క్యాప్ పేలింది, తుపాకీ పేలలేదు. ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంటుంది కాబట్టి మూతి గురి వైపే ఉంచి నిమిషం పైగా కదలకుండా నిలబడ్డాను. ఆ నిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో నిలబడ్డవాడికే తెలుసు. కొత్త క్యాప్. టప్. ఇంకోటి. టప్. చివరికి, మూతి అటే ఉంచి, నిపుల్ విప్పి, దాని కింద సన్నటి తీగతో పొడిచి, చిటికెడు కూడా లేని మందు గింజల్ని అందులో రాల్చి, మళ్లీ బిగిస్తే అప్పుడు పేలింది. ఇక ఆ రోజు కాల్చాలనిపించలేదు.

ఇంటికొచ్చి కడిగాను. నాలుగో గుడ్డకే తెల్లగా వచ్చేసింది. ఎప్పుడూ అంతే వచ్చేది. అనుమానం వచ్చి ర్యామ్‌రాడ్‌ని (గుండు కూరే కడ్డీ, జాగ్ బిగించేదీ దీనికే) లోపలికి దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటకు తీసి గొట్టం పక్కన ఆనించి చూశాను. జాగ్ అడుగుదాకా వెళ్లడమే లేదు! బొటనవేలంత దూరం ముందే ఆగిపోతోంది. సంగతేంటంటే ఈ రకం బ్రీచ్‌లో మందు కూర్చునే అడుగు గది గొట్టం కన్నా సన్నగా ఉంటుంది. 50 క్యాలిబర్ జాగ్ ఆ గది గుమ్మంలోనే ఆగిపోతుంది. నాలుగేళ్లు నేను తుడిచింది వరండా మాత్రమే.

30 క్యాలిబర్ బ్రష్‌కి గుడ్డ చుట్టి దించితే తారు లాంటి ముద్ద వచ్చింది. గుడ్ల కంపు లేదు, మెషీన్ ఆయిల్ వాసన వేస్తోంది. అక్కడ నా తప్పు దొరికింది. కడిగిన ప్రతిసారీ లోపల ఆయిల్ దండిగా పట్టించి, మూతి పైకి పెట్టి బీరువాలో నిలబెట్టేవాణ్ణి. ఆయిల్ మెల్లగా ఆ సన్నటి గదిలోకి దిగి, మిగిలిన మసితో కలిసి, తర్వాతి కాల్పుల వేడికి గట్టిపడింది. పంపు కొట్టిన నీళ్లు అందులోంచే పోతున్నా తారుని కరిగించలేవు కదా. అయినా కోపమంతా నా మీదే పెట్టుకోను. తయారీదారు ఇచ్చిన పుస్తకంలో "గొట్టం శుభ్రం చేసి ఆయిల్ రాయండి" అని ఒక్క ముక్క ఉంది. లోపల ఇంకో గది ఉందన్న సంగతి గానీ, దానికి పట్టే చిన్న బ్రష్ గానీ ఇవ్వలేదు.

ఇప్పుడు పావుగంట కాస్తా ముప్పావుగంట అయింది. మరిగే నీళ్లు మానేశాను. వాటితో గొట్టం త్వరగా ఆరే మాట నిజమే గానీ, ఆరుతూ ఉండగానే కళ్లముందే నారింజ రంగు తుప్పు పొర కమ్మేది. గోరువెచ్చటి నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు చాలు. అడుగు గదికి చిన్న బ్రష్, తర్వాత పొడి గుడ్డలు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పలచగా ఆయిల్. నిపుల్ మరలకి గ్రీజు. మూతి కిందికి పెట్టి పాత గుడ్డ మీద నిలబెడతాను. మర్నాడు ఇంకోసారి తుడుస్తాను. మళ్లీ కాల్చే ముందు పొడి గుడ్డతో ఆయిల్ తీసేసి, ర్యామ్‌రాడ్ గుర్తుతో లోపల ఖాళీయేనని చూసుకుని, మూతిని గడ్డిపోచ వైపు పెట్టి ఉత్త క్యాప్ పేలుస్తాను. పోచ ఊగితే దారి తెరిచి ఉన్నట్టు.

ఆ ముద్దుల చీల సంగతి కూడా చెప్పాలి. తీసీ పెట్టీ అది కాస్త వదులైంది, చెక్కలో దాని కన్నం అంచు ఒకచోట పెచ్చు లేచింది. మొదట్లో సుత్తితో కొట్టేవాణ్ణి, ఇప్పుడు చెక్కముక్క ఆనించి తోస్తున్నా.

మళ్లీ కొంటారా అంటే, నెలకు రెండుసార్లు కాల్చి, అదే సాయంత్రం బకెట్ ముందు కూర్చునే తీరిక నాకుంది కాబట్టి కొంటాను. అలసిపోయి వచ్చి పడుకునేవాళ్లకి చెప్పలేను. అడుగు గది గొట్టమంత వెడల్పుగా ఉండే రకం ఇదే చీలతో దొరికితే మాత్రం నేనూ అటే మొగ్గుతానేమో.