అనంతపురం జిరాక్స్ షాపు నోట్స్: అంతర్యుద్ధాలు, మానవ హక్కుల టాపిక్‌కి కొనొచ్చా?

గ్రూప్-1కి ఇంటర్నేషనల్ రిలేషన్స్ తెలుగులో చదివేకి ఏం దొరుకుతుందని జూనియర్లు అడుగుతానే ఉంటారు కాబట్టి రాస్తున్నా. టవర్ క్లాక్ నుంచి కాస్త లోపలికి పోతే ఒక జిరాక్స్ షాపు ఉంది, పేరు రాయను, కింద తిట్లు కూడా ఉన్నాయి కదా. అక్కడ అంతర్యుద్ధాల్లో పౌరుల మీద జరిగిన దారుణాలు, వాటి మీద ప్రపంచ దేశాలు ఏమన్నాయి అనే టాపిక్ మీద స్పైరల్ బైండింగ్ నోట్స్ ఉంది, 180 రూపాయలు. ఎవరో రిటైర్డ్ లెక్చరర్ రాసిందంట, కొంత డీటీపీ, కొంత ఆయన చేతిరాతే.

మామూలు కరెంట్ అఫైర్స్ పుస్తకాల్లో ఇది ఎట్లుంటుందో తెలుసు కదా, ఫలానా దేశంలో పౌరుల ఊచకోత, అంతర్జాతీయ సమాజం తీవ్రంగా ఖండించింది, అయిపోయింది, పేజీ తిప్పితే క్రికెట్ వరల్డ్ కప్. ఖండించింది ఎవరు, అడ్డం పడింది ఎవరు, ఆ తర్వాత ఏమన్నా కదిలిందా, ఇవి ఎవరూ చెప్పరు. ఈ సారు మాత్రం ప్రతి చాప్టర్‌నీ ఐరాసలో పడిన ఓట్ల లెక్కతోనే మొదలుపెడతాడు. నాకు నచ్చింది అదే, డబ్బులు పెట్టింది కూడా అందుకే.

శ్రీలంక చాప్టర్ ఒక్కటే చాలు అసలు. ప్రభుత్వానికీ, తమిళులకి వేరే దేశం కావాలని పోరాడిన ఎల్టీటీఈకీ మధ్య యుద్ధం 2009 మే నెలలో అయిపోయింది, చివరి రోజుల్లో లక్షల మంది తమిళ జనం నందికడల్ మడుగుకీ సముద్రానికీ మధ్య సన్నటి ఇసుక పట్టీలో ఇరుక్కుపోయినారు, ప్రభుత్వమే కాల్పులు జరపం అని ప్రకటించిన చోట షెల్స్ పడ్డాయి, ఆసుపత్రుల మీదా పడ్డాయి, ఇంకో పక్క ఎల్టీటీఈ వాళ్లు జనాన్ని అడ్డం పెట్టుకుని, పారిపోయేవాళ్లను కాల్చినారు. ఐరాస సెక్రటరీ జనరల్ వేసిన నిపుణుల ప్యానెల్ 2011లో రిపోర్ట్ ఇచ్చింది, 40,000 మంది దాకా పౌరులు చనిపోయి ఉండొచ్చని. ఇంగ ఓట్లు చూడండి. యుద్ధం అయిన వారం పది రోజులకే జెనీవాలో ఐరాస మానవ హక్కుల మండలి స్పెషల్ సెషన్ పెడితే శ్రీలంక తన డ్రాఫ్ట్ తనే పెట్టుకుని 29-12 తో గెలిచింది, నిలదీయాల్సిన చోట మెచ్చుకుని పంపినారు. అందులో ఇండియా, పాకిస్తాన్, చైనా మూడూ ఒకే వైపు! 2012కి వచ్చేసరికి అదే మండలిలో 24-15 తో శ్రీలంకను నిలదీసే తీర్మానం పాసయింది, ఈసారి ఇండియా దానికి అనుకూలం. 2013లోనూ అనుకూలమే, ఆ మార్చిలోనే డీఎంకే యూపీఏ నుంచి బయటికొచ్చింది, తమిళనాడులో ఎంత వేడి ఉండిందో దీన్నిబట్టే తెలుస్తుంది. 2014లో ఓటింగ్‌కి దూరం. 2021లో సాక్ష్యాలు సేకరించి భద్రపరచాలని తీర్మానం వస్తే మళ్లీ దూరమే. ఈ టేబుల్ పక్కన మార్జిన్‌లో సారు పెన్నుతో "జనం అదే జనం, చావులు అవే చావులు, ఓటు ఎందుకు మారె?" అని రాసినాడు, జిరాక్స్‌లో అది కూడా వచ్చేసింది. మెయిన్స్ ప్రశ్న అంటే ఇట్లుండాలి.

సిరియా మీద ఉన్నది తక్కువే గానీ పనికొచ్చేదే. ఐరాస భద్రతా మండలిలో సిరియా ప్రభుత్వం మీద వచ్చిన తీర్మానాలకి రష్యా, చైనా 2011 అక్టోబర్ నుంచే వీటోలు వేస్తా ఉంటే, 2012 ఫిబ్రవరిలో ఐరాస జనరల్ అసెంబ్లీ 137-12 తో ఆ ప్రభుత్వాన్ని ఖండించింది, ఇండియా కూడా ఖండించిన వాటిలోనే ఉంది, కానీ అసెంబ్లీ మాట ఎవరినీ కట్టడి చేయదు. అయితే 2016లో అదే అసెంబ్లీ సాక్ష్యాలు పోగుచేసే యంత్రాంగం ఒకటి పెట్టింది. ఇంగో పక్క జర్మనీ తన సొంత చట్టంతో కోబ్లెంజ్ కోర్టులో కేసు నడిపి, డమాస్కస్‌లోని ఒక జైల్లో విచారణ విభాగం నడిపిన సిరియా మాజీ కల్నల్ అన్వర్ రస్లాన్‌కి 2022 జనవరిలో యావజ్జీవం వేసింది. చిత్రహింసలు తిన్నవాళ్లే వచ్చి సాక్ష్యం చెప్పినారు. ఒట్టి ఖండనకీ దీనికీ తేడా ఏందో ఈ రెండు పేజీలు చదివితే బాగా ఎక్కుతుంది. సూడాన్ మాత్రం అరపేజీ. 2023 ఏప్రిల్‌లో మొదలైన యుద్ధం, 2024 నవంబర్‌లో భద్రతా మండలిలో పౌరుల రక్షణ తీర్మానానికి 14 దేశాలు సరే అంటే రష్యా ఒక్కటే వీటో కొట్టింది, ఇక్కడితో ఆపేసినాడు. అక్కడి ఎల్ ఫాషర్ నగరం ముట్టడి గురించి ఒక్క ముక్క లేదు, ఇప్పుడు అడిగితే దాన్నే అడుగుతారు కదా సారూ.

తప్పులు కూడా ఉన్నాయి, చూసుకోండి. ఇండియా రోమ్ ఒప్పందం (అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు, అంటే ఐసీసీని పెట్టిన ఒప్పందం) మీద సంతకం పెట్టిందని ఒకచోట ఉంది, పెట్టలేదు, ఆ ఐసీసీలో మనం సభ్యులం కాము. జెనీవా ఒప్పందాలకి తర్వాత చేర్చిన, అంతర్యుద్ధాలకి వర్తించే 1977 రెండో అదనపు ప్రోటోకాల్‌లో కూడా మనం లేము, అది అసలు రాయనేలేదు. అంతర్యుద్ధాల్లోనూ ఆయుధం పట్టనివాళ్లను మనుషుల్లా చూడాలనే 1949 జెనీవా ఒప్పందాల ఉమ్మడి ఆర్టికల్ 3 గురించి మాత్రం చక్కగా, నాలుగు లైన్లలో తేల్చి చెప్పినాడు.

ప్రింటింగ్ దరిద్రం. జిరాక్స్‌కి జిరాక్స్ తీసి తీసి శ్రీలంక మ్యాప్‌లో మడుగు, నేల, సముద్రం అన్నీ ఒకే నలుపు, జనం ఇరుక్కున్న పట్టీ ఎక్కడుందో బాణం గుర్తు చూసి ఊహించుకోవాల్సిందే. నా కాపీలో రెండు పేజీలు తలకిందులుగా బైండ్ చేసినారు. "ఏందన్నా ఇది" అని తీసుకపోతే "తిప్పి చదువుకోప్పా, అక్షరాలైతే అవే కదా" అన్నాడు షాపాయన. మార్చి ఇవ్వలేదు.

కంటెంట్‌కి 5కి 4, షాపుకి 2. కొనే ముందు అక్కడే నిలబడి పేజీలన్నీ తిరగేసుకోండి, మ్యాప్ కాస్త తెల్లగా ఉన్న కాపీ ఏరుకోండి, పాత బ్యాచ్‌వి అడుగున ఉంటాయి, అవే బాగున్నాయి. పీడీఎఫ్ ఉందా అని మాత్రం అడగొద్దు, ఆయనకి ఎక్కడలేని కోపం వస్తుంది.