4 జీబీ ల్యాప్‌టాప్‌కి ఏ ఎడిటర్ మేలు?

వరంగల్, హన్మకొండ కాలేజీల్లో బీటెక్, బీసీఏ మొదటి సంవత్సరంలో చేరిన పిల్లలు ప్రతి ఏడాదీ అడిగేది ఇదే: "అన్నా, కోడ్ రాయడానికి ఏ ఎడిటర్ వేసుకోవాలె?" మైక్రోసాఫ్ట్ వాళ్ల వీఎస్ కోడ్ వేసుకోమని అందరూ చెప్తారు. నేను మాత్రం ముందు రెండు విషయాలు అడుగుతాను, ర్యామ్ ఎంత, ఇప్పుడు నేర్చుకునే లాంగ్వేజ్ ఏది. భూపాలపల్లి నుంచో నర్సంపేట నుంచో వచ్చి హాస్టల్లో ఉంటూ, సెకండ్ హ్యాండ్‌లో కొన్న 4 జీబీ మెషీన్ మీద ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొచ్చే పిల్లాడికీ, మడికొండ ఐటీ పార్కులో 16 జీబీ ముందు కూర్చున్న ఇంజనీరుకూ ఒకటే ఎడిటర్ సరిపోవాలని ఏమీ లేదు.

సీ లాంగ్వేజ్‌తో మొదలుపెట్టేవాళ్లు ముందు టర్బో సీని పక్కన పెట్టండి. ల్యాబులో అదే ఉంటే ల్యాబు వరకే వాడండి, సొంత మెషీన్‌లోకి తెచ్చుకోకండి. పైసా లేకుండా దొరుకుతుంది కానీ ఓపెన్ సోర్స్ (సోర్స్ కోడ్ అందరికీ ఇచ్చేది) కాదు, పైగా డాస్ కాలం నాటి 16 బిట్ కంపైలర్ (మన కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్). రెండు ఇంట్ (పూర్ణాంకాల) వేరియబుల్స్‌లో 30000 చొప్పున పెట్టి కూడి, ఆ మొత్తాన్ని ఇంకో ఇంట్‌లో వేసి ప్రింట్ చేసి చూడండి. టర్బో సీలో మైనస్ 5536 వస్తుంది, ఇప్పటి ఓపెన్ సోర్స్ కంపైలర్ జీసీసీలో 60000 వస్తుంది. టర్బో సీ ఇంట్‌కి ఇచ్చేది 2 బైట్లే, అందులో 32767 దాటి పట్టదు, ఇప్పటి ల్యాప్‌టాప్‌లో జీసీసీ 4 బైట్లు ఇస్తుంది. కోనియో డాట్ హెచ్‌కి (టర్బో సీ ప్రోగ్రాముల్లో పైన పెట్టే హెడర్ ఫైలు) అలవాటైన చేతులు ఆన్‌లైన్ టెస్టులో మొదటి లైనుకే ఎర్రర్ వచ్చి ఆగిపోతాయి, అది చూస్తే నిజంగా బాధేస్తుంది.

మరి విండోస్‌లో వీఎస్ కోడా, కోడ్ బ్లాక్సా? వీఎస్ కోడ్ ఉత్త ఎడిటర్, కంపైలర్ దాంతో రాదు. మింగ్‌డబ్ల్యూ (విండోస్‌లో నడిచే జీసీసీ) విడిగా దించాలి, దాని బిన్ ఫోల్డర్‌ని పాత్‌లో (ప్రోగ్రాముల కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితా) కలపాలి, తర్వాత ఎక్స్‌టెన్షన్ (ఎడిటర్‌కి అదనంగా తగిలించేది), ఆపైన టాస్క్స్, లాంచ్ అనే జేసన్ సెట్టింగుల ఫైళ్లు. పాత్ దగ్గర చిన్న తేడా వచ్చినా "జీసీసీ ఈజ్ నాట్ రికగ్నైజ్డ్" అని మెసేజ్. ఫర్ లూప్ కూడా ఇంకా రాని అమ్మాయి పాత్ అంటే ఏంటని వీడియోలు చూసుకుంటూ, ఆ టెన్షన్‌లోనే సాయంత్రమంతా పోగొట్టుకుని, కోడింగ్ నావల్ల కాదు అనుకుంటుంది. అప్పటికి తను కోడింగ్ మొదలే పెట్టలేదు.

కోడ్ బ్లాక్స్‌లో ఈ పరేషానీ లేదు. డౌన్‌లోడ్ పేజీలో పేరు చివర మింగ్‌డబ్ల్యూ సెటప్ అని ఉన్న ఫైలే దించండి, కంపైలర్ దాంతోపాటే వస్తుంది. ఫైలు రాసి ఎఫ్9 నొక్కితే బిల్డయ్యి నడుస్తుంది. చూడటానికి పాతగా ఉంటుంది, కోడ్ టైప్ చేస్తుంటే అందించే సూచనలు వీఎస్ కోడ్‌కి దరిదాపుల్లో కూడా ఉండవు, 2020 మార్చి వెర్షన్ తర్వాత కొత్తది 2025లో గానీ రాలేదు. డీబగ్గర్ (ప్రోగ్రామ్‌ని ఒక్కో లైనూ ఆపి చూపించేది) వాడాలంటే విడి ఫైలు చాలదు, ప్రాజెక్టుగా చేసుకోవాలి. అయినా మొదటి సంవత్సరం సీకి, విండోస్ మెషీన్‌కి నా ఓటు దీనికే.

లినక్స్ వేసుకున్నవాళ్లకి (4 జీబీ మెషీన్‌కి మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ హాయిగా ఉంటుంది) ఇంకా మంచిది ఉంది, జీనీ. 2005 నుంచి ఉంది, చిన్నది, నొక్కగానే తెరుచుకుంటుంది. నాకు ఇందులో నచ్చేది వేగం ఒక్కటే కాదు. ఎఫ్8 నొక్కితే కంపైల్, ఎఫ్9 నొక్కితే బిల్డ్, ఎఫ్5 నొక్కితే రన్, మూడూ విడివిడిగా. ఎఫ్9 నొక్కగానే కింద కిటికీలో జీసీసీ, మైనస్ వాల్, మైనస్ ఓ, ఫైలు పేరు అంటూ అది నడిపిన కమాండ్ మొత్తం కనబడుతుంది. వార్నింగులన్నీ చూపించే ఆ వాల్ ఆప్షన్ మనం అడగకుండానే పెట్టి ఉంటుంది. నాలుగు రోజులు ఆ లైను చూస్తే టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే కిటికీ) సొంతంగా కొట్టడం దానంతటదే వస్తుంది. బటన్ వెనక ఏం జరుగుతోందో దాచకుండా చూపించే ఎడిటర్ నేర్చుకునేవాళ్లకి దొరకడం పెద్ద విషయం.

పైథాన్ అయితే ఆలోచించే పనే లేదు, థోనీ. ఎస్టోనియాలోని టార్టు యూనివర్సిటీలో మొదలుపెట్టే విద్యార్థుల కోసమే పుట్టింది, పైథాన్ దాంతోనే వస్తుంది. డీబగ్‌లో పెట్టి ఎఫ్7 నొక్కుతూ పోతే లెక్కలో ఒక్కో ముక్కా ఎలా విలువగా మారుతోందో కళ్ల ముందే చూపిస్తుంది, ఫంక్షన్‌ని పిలిస్తే దానికి వేరే కిటికీ తెరుస్తుంది. రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనివాళ్లకి ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్‌ని ఇందులో నడిపించి, కిటికీ మీద కిటికీ తెరుచుకుని మళ్లీ ఒక్కొక్కటే మూసుకుపోవడం చూపించండి.

ఇక రెండో సంవత్సరం దాటాక, వెబ్, గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్ర దాచేది), నాలుగైదు ఫోల్డర్ల ప్రాజెక్టులు వచ్చాక, 8 జీబీ ఉంటే వీఎస్ కోడ్ బలం తెలుస్తుంది, అది కాదనను. 4 జీబీలో క్రోమ్ తెరిచిపెట్టి దీన్ని కూడా తెరిస్తే మెషీన్ మూలుగుతుంది, ఎందుకంటే ఇది ఎలక్ట్రాన్ అనే దాని మీద నడుస్తుంది, అంటే లోపల ఇంకో క్రోమియం (క్రోమ్‌కి మూలమైన బ్రౌజర్) ఉన్నట్టే. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. దీని సోర్స్ ఎవరైనా వాడుకోగల ఎంఐటీ లైసెన్సులో ఉన్నా, మనం దించుకునే ప్రోగ్రామ్‌కి మైక్రోసాఫ్ట్ సొంత లైసెన్సు, వాడకం వివరాలు కంపెనీకి పంపే టెలిమెట్రీ కూడా ఉంటుంది. అదే సోర్స్‌ని టెలిమెట్రీ ఆపేసి బిల్డ్ చేసి ఇచ్చేది వీఎస్ కోడియం. రూపం, షార్ట్‌కట్లు అవే. ఎక్స్‌టెన్షన్లు మాత్రం ఎక్లిప్స్ ఫౌండేషన్ నడిపే ఓపెన్ వీఎస్ఎక్స్ అనే సైటు నుంచి వస్తాయి, మైక్రోసాఫ్ట్ సీ ప్లస్ ప్లస్ ఎక్స్‌టెన్షన్, దాని పైథాన్ ఎక్స్‌టెన్షన్ పైలాన్స్ అందులో దొరకవు. సీకి క్లాంగ్‌డీ వేసుకోండి, కోడ్ సూచనలకి లోటు ఉండదు. నేను కోడియమే వేసుకోమంటాను. గిట్‌హబ్ 2022 డిసెంబరులో ఆటమ్ ఎడిటర్‌ని ఆపేసినా దాన్ని వాడేవాళ్లు రోడ్డున పడలేదు, సోర్స్ చేతిలో ఉంది కాబట్టి పల్సర్ అని కొనసాగిస్తున్నారు. మనం రోజూ వాడే పనిముట్టుకి ఆ భరోసా ఉండాలి.

జావాకి ఎక్లిప్స్, నెట్‌బీన్స్ రెండూ బరువే. స్వింగ్ (జావాలో కిటికీలు, బటన్లు చేసే లైబ్రరీ) ల్యాబు ఉంటే బటన్లు లాగి పెట్టుకోవచ్చు కాబట్టి నెట్‌బీన్స్, లేదంటే మీ సార్ ఏది వాడితే అది. టెర్మినల్‌లోనే నడిచే ఎడిటర్ విమ్ సంగతి వేరు, మొదటి ఎడిటర్‌గా నేను ఎవరికీ చెప్పను, కానీ రేపు ఉద్యోగంలో సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి టెర్మినల్ ద్వారా) వెళ్లినప్పుడు జీనీ, కోడియం అక్కడ ఉండవు, విమ్ గానీ దాని తాత వీఐ గానీ ఉంటుంది. విమ్‌ట్యూటర్ అని కొడితే పాఠం అందులోనే ఉంది, అరగంట పని, సెమిస్టర్ సెలవుల్లో చేసేయండి.

డేటా అయిపోతుందని భయపడేవాళ్లు ఒక పని చేయండి. కోడ్ బ్లాక్స్, థోనీ, కోడియం సెటప్ ఫైళ్లు హాస్టల్ ఫ్లోర్‌లో ఒకరు దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టి మిగతా అందరికీ ఇవ్వండి, వీటి లైసెన్సులు దానికి ఒప్పుకుంటాయి. కోడియం ఎక్స్‌టెన్షన్లను కూడా ఓపెన్ వీఎస్ఎక్స్ సైటులో వీఎస్ఐఎక్స్ ఫైలుగా దించి, ఎక్స్‌టెన్షన్ల మెనూలో ఇన్‌స్టాల్ ఫ్రమ్ వీఎస్ఐఎక్స్ నొక్కి నెట్ లేకుండానే వేసుకోవచ్చు. క్లాంగ్‌డీకి మాత్రం ఎక్స్‌టెన్షన్‌తోపాటు అసలు క్లాంగ్‌డీ ప్రోగ్రామ్ కూడా కావాలి, అది కూడా అదే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వండి.