అమ్మ ఊళ్లో, పిల్లలు దూరాన: రొమ్ము క్యాన్సర్ వైద్యానికి ఏ ఏర్పాటు మేలు?

బయాప్సీ రిపోర్టు వచ్చిన రాత్రి దుబాయిలోనో, పుణెలోనో, డల్లాస్‌లోనో ఉన్న పిల్లల నోట ముందుగా వచ్చే మాట: "అమ్మను నా దగ్గరికి తెచ్చుకుంటా." వెంటనే రెండోది: "రేపే బయల్దేరుతా." ఈ రెండూ ఆ రాత్రి తేల్చేసే సంగతులు కావు. ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడూ అవసరమైతే ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. గడ్డ కణాల మీద హర్-2 అనే ప్రొటీన్ ఎక్కువుంటే (హర్-2 పాజిటివ్) ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ మూడు వారాలకోసారి ఏడాది దాకా నడుస్తుంది. గడ్డ హార్మోన్లతో పెరిగే రకమైతే (హార్మోన్ పాజిటివ్) మాత్రలు కనీసం 5 ఏళ్లు. ఇన్నాళ్లూ అమ్మ ఎక్కడుండాలన్నది ఒక లెక్క, మీ సెలవు ఎప్పుడు వాడాలన్నది ఇంకో లెక్క.

మీ దగ్గరికి తీసుకెళ్లే సంగతి ముందు చూద్దాం. విదేశమైతే, విజిటర్ వీసా మీద తీసుకునే ఇన్సూరెన్స్ మామూలుగా ముందే ఉన్న జబ్బు వైద్యానికి డబ్బు ఇవ్వదు. బిల్లు మొత్తం మీ మీదే పడుతుంది. బెంగళూరు, పుణె అయితే ఖర్చు అంత భయపెట్టదు గానీ మాట దగ్గర ఇబ్బంది. నోరు పూసింది, మంటగా ఉంది, రెండు రోజుల నుంచి విరేచనం కాలేదు అని అమ్మ తన నోటితో నర్సుకు చెప్పుకోగలగాలి. పగలంతా మీరు ఆఫీసులో, ఆమె ఫ్లాట్‌లో ఒంటరిగా. ఊళ్లో చూసే మనిషే లేకపోతేనో, మీ కంపెనీ ఇన్సూరెన్స్ పాలసీలో అమ్మ పేరు ముందే ఉంటేనో తప్ప వైద్యం మధ్యలో ఈ దారి వద్దంటాం.

ఇక పట్నం, అంటే హైదరాబాద్. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే, పంజాగుట్టలో నిమ్స్, బంజారాహిల్స్‌లో బసవతారకం, ఇవి గాక ప్రైవేటు దవాఖానలు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తొలి జిల్లాల్లో మన పాలమూరు (మహబూబ్‌నగర్) ఒకటి. 2023 డిసెంబరులో వైద్యం ఖర్చు పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఆహార భద్రత కార్డు, ఆధార్ పట్టుకుని దవాఖానలో ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి వైద్యం మొదలుకాకముందే వెళ్లాలి. డబ్బు కట్టాక గుర్తొస్తే లాభం లేదు. చేతి నుంచి కట్టినవాటికి ఒరిజినల్ బిల్లులు దాచండి, ముఖ్యమంత్రి సహాయనిధికి అడుగుతారు.

అసలు తేల్చుకోవాల్సింది పట్నంలో గది తీసుకోవడమా, ఇంటి నుంచి తిరగడమా అన్నదే.

నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ పట్నానికి వంద కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. కీమో చాలావరకు పొద్దున ఎక్కించి సాయంత్రానికి పంపేస్తారు. ఏసీ అనే కీమో మందుల జత ఎక్కువగా 21 రోజులకోసారి, నాలుగు విడతలు. మిగతా ఇరవై రోజులు ఇరుకు గదిలో, తెలియని గల్లీలో ఉండేకంటే సొంత మంచం, సొంత వంట, పలకరించే వాడకట్టు మేలు. కీమోకు ఇంటి నుంచి తిరగడమే మా మాట. కాకపోతే మూడు చోట్ల దెబ్బ తగులుతుంది.

మొదటిది రక్తపరీక్ష. రక్తకణాల కౌంట్లు తక్కువుంటే కీమో వాయిదా వేస్తారు, రెండొందల కిలోమీటర్లు వృథా. ముందురోజే ఊళ్లో సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించి, రిపోర్టు ఫొటో వార్డుకు పంపి, "రండి" అన్నాకే బండెక్కాలి.

రెండోది తెల్లకణాల కౌంట్లు పెంచే ఇంజెక్షన్. కీమో అయ్యాక 24 గంటలు గడిచాకే వేయాలి. అందుకే చాలామందికి చేతికిచ్చి పంపుతారు. అది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. థర్మాకోల్ డబ్బాలో ఐస్ ప్యాక్ పెట్టి, మధ్యలో బట్ట మడత వేయండి. మంచుకు నేరుగా తగిలి గడ్డకట్టినా అది పాడే. ఇంట్లో ఫ్రీజర్ కింది అరలో పెట్టొద్దు, తలుపు అరలో అసలే వద్దు, మధ్య అరలో పెట్టండి.

మూడోది జ్వరం, ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. కీమో అయిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు అడుగంటుతాయి. అప్పుడు 100.4 ఫారెన్‌హీట్ దాటితే అది మామూలు జ్వరం కాదు. మన ఊళ్లలో ఆర్ఎంపీని పిలిచి ఒక సూది, ఒక డోలో ఇప్పిస్తారు. వేడి దిగుతుంది, లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది. మాత్ర వేయకముందే దవాఖానకు ఫోన్ చేసి, గంటలోపు జిల్లా కేంద్రంలో యాంటీబయాటిక్ నరానికి ఎక్కించే చోటికి చేర్చాలి. ఆ చోటు ఏదో, రాత్రి ఎవరి కారు వస్తుందో మొదటి కీమోకు ముందే మాట్లాడి పెట్టుకోండి. థర్మామీటర్ లేని ఇల్లు ఇంకా చాలా ఉంది, రెండు కొనివ్వండి.

గద్వాల, కొల్లాపూర్ వైపు వాళ్లకు దారి దూరం. వారం వారం పన్నెండు సార్లు ఇచ్చే పాక్లిటాక్సెల్ అనే కీమో మందు మొదలయ్యాక వాళ్లు గది తీసుకోవడమే నయం.

రేడియేషన్‌కు మాత్రం ఎవరైనా సరే పట్నంలో ఉండాలి. వారానికి ఐదు రోజులు, మూడు వారాలు, కొందరికి ఐదు. నిమిషాల పనికి రోజూ నాలుగైదు గంటల ప్రయాణం అలసిన ఒంటికి తగదు. చెమట, బస్సు కుదుపు కాలిన చర్మాన్ని ఇంకా ఒరుసుకుపోయేలా చేస్తాయి.

సెలవు సంగతి. రిపోర్టు రాగానే పరుగెత్తుకొస్తే గడ్డ ఏ రకమో తేల్చే ఐహెచ్‌సీ రిపోర్టు కోసం వారం పది రోజులు ఊరికే కూర్చుంటారు. ఆ పని ఫోన్‌లో చేయొచ్చు: డాక్టర్ గదిలో తమ్ముడితో వీడియో కాల్ పెట్టించి స్టేజీ ఎంత, ఈఆర్, పీఆర్ (హార్మోన్ గుర్తులు), హర్-2 ఏమిటి, ముందు ఆపరేషనా కీమోనా, ఎన్ని విడతలు అని అడిగి రాసుకోండి. ఆపరేషన్‌కు చుట్టాలందరూ వస్తారు. కుట్టు పక్కన నీరు బయటికి రావడానికి పెట్టిన గొట్టం, డ్రెయిన్‌లో రోజుకు ఎన్ని ఎంఎల్ వస్తుందో పొద్దున, సాయంత్రం రాసే మనిషి ఒకరుంటే చాలు. 30 ఎంఎల్ లోపుకు తగ్గాక మామూలుగా తీసేస్తారు. మొదటి కీమో తర్వాతి రెండో వారం ఇంట్లో ఎవరూ ఉండరు. ఒక్క సెలవే దొరికితే మొదటి కీమో రోజు నుంచి పద్నాలుగు రోజులు పెట్టండి. అమ్మ ఒళ్లు మందుకు ఎలా తట్టుకుంటుందో అప్పుడే తెలుస్తుంది, ఇంట్లోవాళ్లకు జ్వరం సంగతి పక్కన కూర్చుని నేర్పొచ్చు.

అమ్మకు జబ్బు పేరు దాచొద్దు. "చిన్న గడ్డేలే" అని నమ్మించిన తల్లి, అర్ధరాత్రి వణుకు పుడితే పిల్లల నిద్ర చెడగొట్టడమెందుకని దుప్పటి కప్పుకుని పడుకుంటుంది.

రేడియేషన్ ముగిసి మాత్రల మీదికి వచ్చాక మీ దగ్గరికి తెచ్చుకోండి, అప్పుడు బాగుంటుంది. మూడు నెలల మాత్రలు, డాక్టర్ చీటీ చేతి సంచిలోనే ఉండాలి. హార్మోన్ మాత్రల్లో టామాక్సిఫెన్ వాడేవాళ్లకు కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు కొంత ఎక్కువ. దూరపు విమానంలో గంటకోసారి లేపి నడిపించండి, నీళ్లు తాగించండి.