ప్రాథమిక తరగతుల సైన్స్ ప్రయోగాల పెట్టె: సామగ్రి మేలు, పుస్తకమే లోపం

మూడో తరగతి నుంచి ఐదో తరగతి వరకు చదివే పిల్లల కోసం తయారైన ఒక సైన్స్ ప్రయోగాల పెట్టెను నాలుగు వారాలుగా ఆరుగురు పిల్లలతో వాడిస్తున్నాను. లోలకానికి కావలసిన దారం, గుండ్లు, స్టాప్‌వాచ్, అయస్కాంతాలు, బ్యాటరీ, బల్బు, తీగలు, వీటన్నిటితో పాటు ఒక సూచనల పుస్తకం అందులో ఉన్నాయి.

నాకు అన్నిటికంటే నచ్చినది లోలకం. బరువైన గుండు కడితే లోలకం త్వరగా ఊగుతుందా, నెమ్మదిగా ఊగుతుందా అని ముందే అడిగితే, ఆరుగురిలో ఐదుగురు త్వరగా ఊగుతుందన్నారు. ఒక్క ఊగుకు పట్టే సమయాన్ని చేత్తో సరిగా కొలవలేము కనుక, పది ఊగులకు పట్టిన సమయాన్ని కొలిచి పదితో భాగించే పద్ధతి నేర్పాను. దారం పొడవు 25 సెంటీమీటర్లు ఉన్నప్పుడు పది ఊగులకు దాదాపు 10 సెకన్లు పట్టింది. గుండు మార్చినా అంతే పట్టింది. పొడవును ఒక మీటరుకు పెంచినప్పుడు, నాలుగు రెట్ల సమయం పడుతుందనుకున్న వాళ్లకు రెండు రెట్లే, అంటే దాదాపు 20 సెకన్లే వచ్చేసరికి, ఎవరూ చెప్పకుండానే మళ్లీ కొలిచారు. గుండ్ల బరువులు వేరైనా పరిమాణం ఒక్కటే కావడం వల్ల, గుండు మార్చినప్పుడు లోలకం పొడవు మారదు. బరువు ఒక్కటే మారి తక్కినవన్నీ అలాగే ఉండాలన్న ఈ జాగ్రత్తను తయారీదారులు పాటించినందుకు నాకు నిజంగా సంతోషం కలిగింది.

అంత శ్రద్ధ పుస్తకంలో లేదు. ప్రయోగం మొదలుకాకముందే, ‘బరువుకూ ఊగే సమయానికీ సంబంధం లేదని నిరూపించండి’ అని శీర్షికలోనే జవాబు అచ్చువేశారు. ఆ పేజీ ముందుగా చదివిన ఒక పాప, స్టాప్‌వాచ్ 10.6 చూపుతున్నా పట్టికలో 10 అని రాసింది. తప్పు ఆ పాపది కాదు. రావలసిన అంకె ఏదో ముందే చెప్పాక, కనబడిన అంకెను రాసే ధైర్యం ఆ వయసులో ఎలా వస్తుంది? అప్పటినుంచి శీర్షికల మీద కాగితం అంటించి పుస్తకం ఇస్తున్నాను.

అయస్కాంతాల భాగంలో ఇనుప మేకుతో పాటు రాగి, అల్యూమినియం ముక్కలు ఇవ్వడం వల్ల, లోహాలన్నీ అయస్కాంతానికి అంటుకుంటాయన్న అపోహ తొలగింది. అయితే ఒక బాబు తెచ్చిన రెండు స్టెయిన్‌లెస్ స్టీల్ చెంచాల్లో ఒకటి అంటుకుని మరొకటి అంటుకోలేదు. స్టీలులో రకాలు ఉంటాయనీ, నికెల్ ఎక్కువ కలిపిన కొన్ని రకాలు అయస్కాంతానికి దాదాపుగా అంటుకోవనీ పుస్తకం ఒక్క వాక్యంలోనైనా చెప్పలేదు. అయస్కాంతాలు మింగడానికి వీలుకానంత పెద్దవిగా ఉండటం మాత్రం మెచ్చుకోదగినది. చిన్న అయస్కాంతాలు రెండు కడుపులోకి వెళితే పేగుల గోడల మధ్య ఒకదానినొకటి లాక్కుని ప్రాణాపాయం తెస్తాయి.

విద్యుత్ వలయం సామగ్రి సాధారణంగా ఉంది. తీగల చివర క్లిప్పులు రెండో వారానికే వదులై, వలయం సరిగా కలిపినా బల్బు వెలగకపోవడంతో పిల్లలు తమదే పొరపాటనుకున్నారు. అందుకని ప్రతిసారీ ముందు తీగలను నేనే పరీక్షించి ఇస్తున్నాను. పెట్టెలోని సామగ్రి ఇద్దరికి మించి సరిపోదు కనుక, తరగతిలో వాడదలచినవారు ప్రతి ఇద్దరికీ ఒకటి చొప్పున తీసుకోవడం మంచిది.