గవర్నర్‌పేట ఖాళీ స్థలం పార్కింగు: గంటకు 30 రూపాయలు, నేల 700 గజాలు

మా అక్కకు మోకాళ్లు రెండూ అరిగాయి. అయినా మనవరాలి పెళ్లి చీరలు విజయవాడ బీసెంట్ రోడ్డులో తానే చూసి కొనాలని పట్టుబట్టింది. ఆటో ఎక్కి దిగడం ఆమెకు కష్టం కనుక కారు తీయక తప్పలేదు. అలా ఈ మూడు నెలల్లో నాలుగు సార్లు, గవర్నర్‌పేట సందులో ఒక ఖాళీ స్థలంలో నడుస్తున్న పార్కింగులో కారు నిలిపాను. నడిపేవారి పేరు ఇక్కడ రాయను. ఆ పక్కకు వెళ్లేవారికి స్థలం ఏదో ఇట్టే తెలుస్తుంది.

ముందు సేవ సంగతి. గంటకు 30 రూపాయలు, ఫోనుతో కట్టవచ్చు. గేటు దగ్గర ఉండే కుర్రవాడు చాలా మర్యాదస్తుడు. అక్కను చూడగానే, "మామ్మగారూ, లోపలంతా కంకర, కాలు మెలిక పడుతుంది, ఇక్కడే దిగండి" అంటూ తలుపు తీసి, తాను కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ ఆమెకు వేశాడు. ఆ కుర్రవాడి కోసమే రెండోసారి వెళ్లాను. నీడ మాత్రం ఎక్కడా లేదు. ఏప్రిల్ మధ్యాహ్నం మూడు గంటలు నిలిపి వస్తే స్టీరింగు మీద చేయి పెట్టలేకపోయాను. సాయంత్రం ఆరు దాటితే కార్లను ఒకదాని వెనుక ఒకటి పెడతారు, తాళంచెవి వాళ్లకు ఇచ్చి వెళ్లాలి. మూడోసారి వచ్చి చూసేసరికి వెనుక బంపరు గీసుకుపోయి ఉంది. అడిగితే చీటీ వెనుక అచ్చువేసిన వాక్యం చూపించారు: వాహనానికి జరిగే నష్టానికి బాధ్యత తమది కాదట. తాళంచెవి తీసుకున్నవారు బాధ్యత తీసుకోకపోవడం అన్యాయం. ఈ మాట నడిపేవారికి ఫోను చేసి నేరుగా చెప్పాను.

బంపరు గీత రెండు వేలతో పోయింది. నన్ను ఇంతగా బాధిస్తున్నది ఆ నేల.

నేను ముప్పై నాలుగేళ్లు ఇళ్ల ప్లాన్లు గీసి బతికినవాణ్ని. 1991లో ఈ స్థలానికి కొలతలు తీసింది నేనే. అన్నదమ్ములు వాటాలు పంచుకోవాలనుకుని పిలిపించారు. వీధి వైపు ఇరవై గజాలు, లోపలికి ముప్పై అయిదు. అప్పుడు ముందు రెండు కొట్లు ఉండేవి. ఒకదానిలో గడియారాలు బాగుచేసేవారు, రెండోదానిలో పుస్తకాలకు బైండింగు చేసేవారు. వెనుక పెంకుటింట్లో ఆరు వాటాలు, ఆరు కుటుంబాలు. ఎడమ గోడ వారన చేదబావి, దాని పక్కన వేపచెట్టు. టేపు పట్టుకుని ఎండలో తిరుగుతుంటే మూడో వాటా ఇల్లాలు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ గ్లాసు పెట్టుకోవడానికి చోటు లేక బావి చప్టా మీద పెట్టాను.

ఇప్పుడు అక్కడ 24 కార్లు పడతాయి. నిండా ఉన్న రోజున నిలబడి లెక్కపెట్టాను. అంటే కారుకు 29 గజాలు. బండి నిలవడానికి రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు చాలు, అది పదిహేను గజాలే. మిగతాదంతా తిప్పుకోవడానికి, వచ్చి పోవడానికి. ఆరుబయట పార్కింగుకు కారు ఒక్కింటికి 23 చదరపు మీటర్లు లెక్కవేయడం మా వృత్తిలో పరిపాటి, గజాల్లో చూస్తే ఇరవై ఏడున్నర. కాబట్టి నడిపేవారు చోటు వృథా చేస్తున్నారని అనలేను. నేల మీద పరిచి పెడితే కారు అంత చోటు తింటుంది. ఆనాటి వాటా ఒక్కొక్కటీ అరవై గజాలు. రెండు కార్లు నిలిచే మేరలో ఒక కుటుంబం కాపురం చేసింది, పిల్లల్ని చదివించుకుంది.

విజయవాడ ఎటు పెరగగలదో ఒకసారి చూడండి. ఒక పక్క కృష్ణ, మధ్యలో ఏలూరు, బందరు, రైవస్ కాలువలు, మరో పక్క కొండలు. చదును నేల అందక గుణదలలో, విద్యాధరపురంలో, మొగల్రాజపురంలో జనం కొండ వాలు తొలిచి ఇళ్లు కట్టుకున్నారు. 2024 ఆగస్టు 31న కురిసిన వానకు మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. ఆ వారమంతా నాకు నిద్ర పట్టలేదు. కొండ మీద అలాంటి ఇళ్లకు నేనూ కొలతలు తీశాను. అదే ఊళ్లో, బస్సుస్టాండుకూ రైల్వేస్టేషనుకూ దగ్గరలో, గజం లక్షల్లో పలికే చోట, 700 గజాల చదును నేల రాత్రంతా ఎవరికీ పనికిరాకుండా పడి ఉంటుంది.

గంటకు 30 రూపాయలంటే దాదాపు గజానికి రూపాయి. గేటు బయట మల్లెపూలు అమ్మే ఆమె గంపకు గజం నేల కూడా పట్టదు. ఆమెను మాత్రం రోజుకు రెండుసార్లు లేపి పక్కకు పంపుతున్నారు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం, పార్కింగు రుసుము అది ఆక్రమించే నేల విలువకు తగినట్టుగా ఉండాలని స్పష్టంగా చెప్పింది. నగరాల నడిబొడ్డున పార్కింగు అంతస్తులుగా కట్టాలని కూడా చెప్పింది. జపానులో 1962 నుంచే, నిలిపే చోటు ఉందని రుజువు చూపితే గాని కారు సొంతం చేసుకోనివ్వని చట్టం ఉంది. మనం ముందు బండి కొని, తరువాత చోటు ఊరిని అడుగుతున్నాం. నేనూ అలాగే కొన్నాను.

నా వృత్తిలో జరిగిన తప్పు కూడా చెప్పాలి. ఈ పేటలో ఎన్నో దుకాణ సముదాయాలకు సెల్లారులో పార్కింగు చూపిస్తూ ప్లాన్లు గీశాను. మంజూరు అయ్యాక చాలావాటిలో ఆ సెల్లార్లు గోదాములయ్యాయి, కొట్లయ్యాయి. నేను గీసిన ఆ గడుల్లో నిలవాల్సిన కార్లే ఇప్పుడు ఈ స్థలంలో నిలుస్తున్నాయి. ఆ సెల్లార్లు ఖాళీ చేయిస్తే ఈ 700 గజాల్లో కింద కొట్లు, పైన ఇళ్లు మళ్లీ రావచ్చు. అక్కలాంటి వారి కోసం గేటు దగ్గర నాలుగు కార్ల చోటు ఉంచినా సరిపోతుంది.

సేవకు అయిదులో మూడు ఇస్తున్నాను, అందులో రెండు ఆ కుర్రవాడివి. స్థలం వాడకానికి ఒక్కటి కూడా ఇవ్వలేను. వెళ్లేవారు ఆరు లోపే కారు బయటికి తీసేయండి, తాళంచెవి ఇవ్వకండి. నడవగలిగినవారు సిటీ బస్సులో వచ్చి దిగండి. బీసెంట్ రోడ్డు ఎలాగూ నడిచేవారిదే.

నాలుగోసారి వెళ్లినప్పుడు నేను అడుగులతో కొలుస్తుంటే కుర్రవాడు వచ్చి, "ఏం వెతుకుతున్నారండీ?" అని అడిగాడు. ఎడమ గోడ వారన, ఒక తెల్ల కారు ముందు చక్రాల కింద బావి ఉండేదని చూపించాను.

"నీళ్లుండేవా అండీ?"

"వేసవిలో కూడా ఉండేవి" అన్నాను.

పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా అక్కడ నిలబడే అతనికి మంచినీళ్ల కుళాయి కూడా లేదు. సందు మొదట్లో ఉన్న హోటలుకు వెళ్లి సీసా నింపుకుని వస్తున్నాడు.