బడి పాత రిజిస్టర్ల స్కానింగు, బైండింగు: డాబాగార్డెన్స్ దుకాణం పనితీరు

హైస్కూలు చరిత్ర రాయడానికి అడ్మిషను రిజిస్టరును మించిన ఆధారం లేదు. 1847లో సెయింట్ అలోషియస్ హైస్కూలు మొదలైన ఊరు మన విశాఖపట్నం. పాత ఇంగ్లీషు బడుల కాగితాలు జాగ్రత్త చేయించాలనుకునేవాళ్లు ఈ దుకాణానికి వెళ్లే ముందు కొన్ని సంగతులు చూసుకోవాలి.

స్కానింగు చాలా బాగుంది. పుస్తకాన్ని బోర్లించి నొక్కరు. పైన కెమెరా ఉన్న స్కానరు కాబట్టి కుట్టు మీద బరువు పడదు. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), కలర్‌లోనే తీయమనండి. నలుపు తెలుపులో తీస్తే ఎర్రసిరా టీసీ నంబరు, నల్లసిరా పేరు ఒకేలా కనబడతాయి. ఏది తర్వాత ఎక్కించారో ఇక తేలదు.

బైండింగు దగ్గరే అసలు నష్టం. చెప్పకపోతే మూడు అంచులూ కటింగ్ మెషీనులో పెట్టి సాపు చేసేస్తారు. రిజిస్టరులో కుడిచివరి గడి రిమార్కులది. పుట్టినతేదీ దిద్దుబాటు, ఫీజు మినహాయింపు, పిల్లవాడు బడి మానేసిన కారణం అన్నీ అందులోనే రాస్తారు. పావు అంగుళం కోసినా హెడ్మాస్టరు పొడి సంతకం చెత్తబుట్టలోకి పోతుంది. 'కటింగు వద్దు, పాత రంధ్రాల్లోంచే దారంతో కుట్టండి' అని రశీదు మీదే రాయించుకోండి. జిగురులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలుపుతున్నారు. పురుగు పట్టదు గానీ, రాగి వల్ల కాగితం తొందరగా పెళుసెక్కుతుంది. ఉత్త మైదా జిగురు అడగండి. లామినేషను మాత్రం ఒప్పుకోకండి, ఒకసారి వేస్తే మళ్లీ ఊడదీయలేం.

పేర్ల పట్టిక టైపు చేసి ఇచ్చే పనిలో తప్పులు దొర్లుతున్నాయి. 'సిక్స్త్ ఫారం' అని ఉన్నచోట 6వ తరగతి అని కొట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ లెక్కలో ఫస్ట్ ఫారమే 6వ తరగతి. సిక్స్త్ ఫారం అంటే 11, అంటే స్కూల్ ఫైనల్. ఇంగ్లండులో ఆ మాటకు పదహారేళ్లు దాటినవాళ్లు చదివే చివరి రెండేళ్లని అర్థం. ఇక్కడ అదే పేరు ఒక్క ఏడాదికి స్థిరపడింది. ఈ ఒక్క తప్పుతో విద్యార్థి చదువు ఐదేళ్లు వెనక్కి జరుగుతుంది.

ఫీజు పుస్తకాల్లోనూ ఇదే తంతు. 3-8-0 అంటే మూడు రూపాయల ఎనిమిది అణాలు, మూడున్నర రూపాయలన్నమాట. పట్టికలో 3.80 అని పడింది. 1957 ఏప్రిల్ 1కి ముందు పద్దులన్నీ రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైల లెక్కే. ఊళ్ల పేర్లూ అంతే. 1950 ఆగస్టు 15 దాకా శ్రీకాకుళం కూడా విశాఖ జిల్లాలోదే కనుక, రిజిస్టరులో ఉన్న జిల్లా పేరు తప్పనుకుని దిద్దేయనివ్వకండి.

మొదట ఇరవై పేజీలు మాత్రమే టైపు చేయించి, అసలు రిజిస్టరు పక్కన పెట్టుకుని వరసగా సరిచూడండి. మిగతావి ఆ తర్వాతే ఇవ్వండి. పుస్తకం అప్పగించేటప్పుడు పేజీలు లెక్కపెట్టి, మూలన పెన్సిలుతో నంబరు వేయడం మరిచిపోవద్దు. తిరిగి తీసుకునేటప్పుడు విడి కాగితాలు ఎన్ని ఉండాలో ఆ నంబర్లే చెబుతాయి.