జర్మనీ పీఆర్: బీ1తో 21 నెలలకా, ఏ1తో 27 నెలలకా, ఏది మేలు?

బ్లూ కార్డ్ (డిగ్రీ, తగినంత జీతం ఉన్నవాళ్లకి ఇచ్చే వర్క్ పర్మిట్) మీద జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మనవాళ్లు ఎక్కడ కలిసినా కాసేపటికి మాట పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీదకే వస్తుంది. 2023 నవంబర్‌లో రూల్స్ మారాయి. అంతకుముందు ఏ1 (మొదటి మెట్టు) జర్మన్ మాత్రమే ఉన్నవాళ్లు పీఆర్‌కి బ్లూ కార్డ్ ఉద్యోగంలో 33 నెలలు ఆగాల్సి వచ్చేది, ఇప్పుడు 27 చాలు. బీ1 (మధ్య స్థాయి జర్మన్) ఉన్నవాళ్లకి మాత్రం అప్పుడూ ఇప్పుడూ 21 నెలలే. రెండు దారుల మధ్య ఏడాది ఉన్న తేడా కాస్తా ఆరు నెలలైంది కాబట్టి "ఈ ఆరు నెలల కోసం అంత కష్టపడి బీ1 రాయడం దేనికి, ఏ1 పెట్టుకుని ఆగితే సరిపోదా" అని చాలామంది అంటున్నారు. నేనైతే బీ1 వైపే ఉంటాను, కానీ ఏ1 దారిని తీసిపారేయను, అది ఎవరికి పనికొస్తుందో కూడా చెప్తాను.

ముందు ఆ ఆరు నెలల విలువ చూద్దాం. బ్లూ కార్డ్ మన ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. మొదటి 12 నెలల్లో కంపెనీ మారితే విదేశీయుల ఆఫీసుకి చెప్పి తీరాలి, కావాలనుకుంటే వాళ్లు 30 రోజుల వరకు ఆ మార్పుని ఆపి పరిశీలించొచ్చు. ఏడాది దాటాక ఆ గొడవ లేదు గానీ ఉద్యోగం పోతే మాత్రం గడియారం మొదలైనట్టే, కొన్ని నెలల్లో ఇంకోటి వెతుక్కోవాలి, అది కూడా బ్లూ కార్డ్ జీతానికి తగ్గకుండా. పీఆర్ వచ్చిందంటే ఈ టెన్షన్ మొత్తం పోతుంది: ఏ కంపెనీ అయినా, ఏ జీతమైనా, సొంత వ్యాపారమైనా మన ఇష్టం. లేఆఫ్‌ల మాట వినిపిస్తున్న కంపెనీలో ఉన్నవాళ్లకి 21వ నెలకీ 27వ నెలకీ మధ్య కాలం చాలా పొడుగ్గా ఉంటుంది, ఎందుకంటే దరఖాస్తు పెట్టేసరికి చేతిలో ఉద్యోగం ఉండాలి.

రెండో సంగతి, బీ1 అవసరం పీఆర్‌తో అయిపోదు. పౌరసత్వానికి 5 ఏళ్లతో పాటు బీ1 కావాలి (3 ఏళ్లకే ఇచ్చే దారిని 2025 అక్టోబర్‌లో మూసేశారు). "మాకు పాస్‌పోర్ట్ వద్దు, ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, పీఆర్ మీదే ఉంటాం" అనేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ నిర్ణయం నాకు అర్థమవుతుంది. కానీ కింద చెప్పబోయే ఈయూ కార్డ్‌కి (5 ఏళ్లకి అడగగలిగే ఇంకో రకం పీఆర్) కూడా బీ1 అడుగుతారు. ఎలాగూ రాయాల్సిందే అయినప్పుడు 21 నెలల లాభం ఉన్నప్పుడే రాయడం మంచిది.

ఏ1 దారి ఎవరికి మేలంటే, ఇంట్లో చిన్న పిల్లలుండి సాయంత్రం క్లాసులకి వెళ్లే వీలు లేనివాళ్లకి, ఆఫీసులో పొద్దుటి నుంచి రాత్రి దాకా ఇంగ్లీషే నడిచేవాళ్లకి, ఉద్యోగం గట్టిగా ఉండి తొందర లేనివాళ్లకి. ఇంకా హైదరాబాద్‌లోనే ఉండి వీసా కోసం చూస్తున్నవాళ్లయితే అక్కడి గోథే సెంట్రమ్‌లో (జర్మన్ నేర్పే సంస్థ) ఏ1 పూర్తి చేసుకుని రండి, ఇక్కడ దిగాక మొదటి ఏడాది ఇల్లు వెతకడం, రిజిస్ట్రేషన్, ట్యాక్స్ నంబర్ వీటితోనే సరిపోతుంది.

నా సలహా ఏంటంటే రెండూ కలిపి నడపండి. ఏ1 సర్టిఫికెట్ ముందే చేతిలో పెట్టుకుని 17, 18వ నెలలో బీ1 పరీక్షకి కూర్చోండి, ఫలితం రావడానికి వారాలు పడుతుంది కదా. గోథే బీ1లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం వేర్వేరు మాడ్యూల్స్, పోయినదాన్ని మాత్రమే మళ్లీ రాసుకోవచ్చు. 24వ నెలకి పాసైనా మూడు నెలలు ముందున్నట్టే, అసలు పాస్ కాకపోయినా 27వ నెల ఎక్కడికీ పోదు. దీంతో పాటు లేబెన్ ఇన్ డాయిచ్‌లాండ్ (జర్మనీ చట్టాలు, సమాజం గురించి అడిగే) పరీక్ష కూడా రెండు దారులకీ ఉంటుంది: 33 ప్రశ్నలు, పీఆర్‌కి 15 సరైనవి చాలు, పౌరసత్వానికి 17 కావాలి, కాబట్టి 17 దాటేలా చదవండి. ప్రశ్నలన్నీ ముందే బయట దొరుకుతాయి, భయపడేదేం లేదు, కాకపోతే సర్టిఫికెట్ పోస్టులో వచ్చేసరికి ఆలస్యమవుతుంది.

బ్లూ కార్డ్ కాకుండా మామూలు స్కిల్డ్ వర్కర్ పర్మిట్ మీద ఉన్నవాళ్లకి ఈ చర్చే లేదు, 3 ఏళ్లు, 36 నెలల పెన్షన్ చందా, బీ1 తప్పనిసరి. జర్మనీలోనే చదువుకున్నవాళ్లకి అది 2 ఏళ్లు.

ఇక దరఖాస్తు. బెర్లిన్, మ్యూనిక్ లాంటి పెద్ద ఊళ్లలో ఆన్‌లైన్ ఫారం ఉంది, చాలా చిన్న ఊళ్లలో ఈమెయిల్ పెడితే టెర్మిన్ (అపాయింట్‌మెంట్) ఇస్తారు. ఎలా పెట్టినా వేలిముద్రలకి, ఒరిజినల్స్ చూపించడానికి ఒకసారి మనిషి వెళ్లక తప్పదు. అందుకని అసలు తేల్చుకోవాల్సింది కాగితాలు ముందే పంపేసి పిలుపు కోసం ఆగడమా, టెర్మిన్ తీసుకుని అన్నీ చేత్తో పట్టుకెళ్లి ఇవ్వడమా అన్నదే. మీ ఊళ్లో రెండింటికీ వీలుంటే నేను రెండోదే చెప్తాను. ఎదురుగా కూర్చుంటే ఏ కాగితం తక్కువైందో అప్పుడే చెప్తారు, మర్నాడే పంపేయొచ్చు. ఆన్‌లైన్‌లో పంపిన ఫైల్‌ని ఎవరో ఎప్పుడో తెరిచి, ఇంటి కాంట్రాక్ట్‌లో రెండో పేజీ లేదని ఉత్తరం రాసేసరికి నెలలు గడిచిపోతాయి. ఒక్క సందర్భంలో మాత్రం ఆన్‌లైనే నయం: బ్లూ కార్డ్ గడువు దగ్గరపడి టెర్మిన్ దొరక్కపోతే. గడువు లోపల దరఖాస్తు పెట్టినట్టు తేదీతో రుజువు ఉంటే, తేలేదాకా పాత పర్మిట్ చెల్లుతున్నట్టే లెక్క, దానికి ఫిక్షన్స్ సర్టిఫికెట్ అని ఒకటి అడిగి తీసుకోవచ్చు.

కౌంటర్ దగ్గర ఎక్కువమంది ఇరుక్కునేది పెన్షన్ లెక్కతో, ఎందుకంటే ఆ 21 లేదా 27 నెలలూ పెన్షన్ చందా కట్టినట్టు చూపించాలి. డాయిచె రెంటెన్‌ఫెర్‌సిషెరుంగ్ (ప్రభుత్వ పెన్షన్ సంస్థ) నుంచి మీ చందాల చరిత్ర ఉచితంగానే వస్తుంది, కానీ కంపెనీలు సాధారణంగా ఏడాదికోసారి రిపోర్ట్ చేస్తాయి కాబట్టి ఈ ఏడాది నెలలు అందులో కనిపించవు. మీ లెక్కలో 22 నెలలుంటాయి, కాగితం మీద 15 ఉంటాయి. అందుకే మిగతా నెలల పే స్లిప్పులన్నీ ప్రింట్ తీసి వరసగా పెట్టుకోండి. చదువుకునేటప్పుడు చేసిన పార్ట్‌టైమ్ నెలలు ఇందులో కలపకండి, జీతం లేని సెలవు నెలలనీ కలపకండి. 2025 మే నుంచి కాగితం ఫొటోలు తీసుకోవడం లేదు, గుర్తింపు ఉన్న స్టూడియోలోనో ఆఫీసులోని మెషీన్ దగ్గరో డిజిటల్‌గానే తీయించాలి. ఫీజు 113 యూరోలు. ఇంకోటి, బీ1 సర్టిఫికెట్ పెట్టి అధికారితో ఇంగ్లీషులో మొదలుపెట్టకండి, తప్పులొచ్చినా జర్మన్‌లోనే మాట్లాడండి. దరఖాస్తు నడుస్తుండగా ఊరు కూడా మారకండి, ఫైల్ ఆ ఊరి ఆఫీసుకి వెళ్లి మళ్లీ వరసలో పడుతుంది.

కార్డుల్లో కూడా రెండున్నాయి, మనవాళ్లు దీన్ని అస్సలు పట్టించుకోరు, నాకు బాధ కలిగించేది ఇదే. 21 లేదా 27 నెలలకి వచ్చేది జర్మనీ సొంత పీఆర్. 5 ఏళ్లకి అడగగలిగేది ఈయూ లాంగ్ టర్మ్ కార్డ్, ఫీజు 109 యూరోలు. జర్మనీలో ఉన్నంతకాలం రెండింటికీ పెద్ద తేడా తెలియదు, తేడా అంతా మనం బయటికి వెళ్లినప్పుడే. జర్మన్ పీఆర్ ఉన్నవాళ్లు మామూలుగా 6 నెలలు దాటి బయట ఉంటే అది రద్దవుతుంది, ముందే ఆఫీసులో అడిగి గడువు పెంచుకుంటే తప్ప. ఈయూ కార్డ్ అయితే ఈయూ బయట 12 నెలలు, అంతకుముందు బ్లూ కార్డ్ మీద ఉన్నవాళ్లకి 24 నెలలు.

ఈ లెక్క మనకెందుకంటే, గుంటూరులోనో కరీంనగర్‌లోనో అమ్మానాన్నలు ఉంటారు, ఒకరికి ఆపరేషన్, తర్వాత ఇంకొకరికి ఇంకేదో, ఎనిమిది నెలలు అక్కడే ఉండాల్సి వస్తుంది. ఆ సమయంలో ఎవరూ క్యాలెండర్ చూసుకోరు. పైగా జర్మనీలో ఉద్యోగం మానేసి, ఇల్లు ఖాళీ చేసి, అడ్రస్ రద్దు చేసుకుని వెళ్తే శాశ్వతంగా వెళ్లిపోయారని అనుకునే ప్రమాదం ఉంది, అప్పుడు 6 నెలలు నిండకపోయినా చిక్కే. వెళ్లేముందు ఆఫీసుకి రాసి, జవాబు కాగితం మీద తీసుకోండి.

అందుకని నేనైతే మొదట జర్మన్ పీఆర్ తీసుకుని, 5 ఏళ్లు నిండగానే ఈయూ కార్డ్‌కి కూడా పెట్టమంటాను. ఒకటి వదులుకుంటేనే ఇంకోటి ఇస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, రెండూ కలిపి ఉంచుకోవచ్చని జర్మనీ ఫెడరల్ అడ్మినిస్ట్రేటివ్ కోర్టు 2013లోనే చెప్పింది. దేనికి పెట్టినా మీ ఇండియన్ పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడి ఉంటే ముందు దాన్ని రెన్యూ చేయించుకోండి, పాస్‌పోర్ట్ మారితే పీఆర్ హక్కు పోదు గానీ కార్డ్ మళ్లీ చేయించాలి, మళ్లీ టెర్మిన్, మళ్లీ ఫీజు.